హైదరాబాద్ వేసవి గాలివానను పొద్దున్నే అంచనా వేయడం ఎలా

ఎండ మాడ్చేస్తే సాయంత్రానికి వాన ఖాయమని మనవాళ్లందరూ అంటుంటారు. అందులో నిజం సగమే. 43 డిగ్రీలు కాసి కూడా చుక్క రాలని రోజులు ఏటా ఉంటాయి. 37 దగ్గరే ఆగిపోయి, నాలుగింటికల్లా చెట్లు కూల్చే గాలివాన తెచ్చిన రోజులూ ఉంటాయి. కాబట్టి మార్చి నుంచి మే దాకా పొద్దున్నే చూడాల్సినవి మూడు: గాలిలో తేమ ఎంత, ఆ తేమ ఎంత మందాన ఉంది, దాని మీద వెచ్చటి గాలి మూత ఎంత గట్టిగా ఉంది. ఎండ సంగతి వీటి తర్వాతే. ఇంకో మాట. ఊరికి వాన వస్తుందా రాదా అన్నది పొద్దున చెప్పగలం. కూకట్‌పల్లిలోనా ఉప్పల్‌లోనా అన్నది ఆఖరి గంటలో రాడార్ చూసి చెప్పాల్సిందే. ఈ రెండు పనుల్నీ కలిపేసేవాళ్ల అంచనాలే ఎక్కువగా తప్పుతాయి.

డ్యూ పాయింట్ తీయండి

తేమను శాతంలో చూడకండి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ శాతం దానంతటదే పడిపోతుంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు. చూడాల్సింది డ్యూ పాయింట్, పాఠ్యపుస్తకాల్లో తుషార స్థానం అంటారే అది: గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. అది ఎంత ఎక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువ. పరికరాలేమీ లేకపోతే శంషాబాద్ విమానాశ్రయం అరగంటకోసారి ఇచ్చే మెటార్, అంటే వాతావరణ నివేదిక, చూడండి. అందులో 37/19 అని ఉంటే 37 ఉష్ణోగ్రత, 19 డ్యూ పాయింట్.

ఇంట్లోనే తీయాలంటే ఒకే రకం థర్మామీటర్లు రెండు కావాలి. ఒకదాని బల్బుకు పల్చటి మల్లు గుడ్డ చుట్టి తడపండి. నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కూ ఎండ తగిలిన గోడకూ దూరంగా పెట్టి, రెండింటి మీదా టేబుల్ ఫ్యాన్ గాలి ఐదు నిమిషాలు తగలనివ్వండి. గాలి ఆడకపోతే తడి థర్మామీటర్ కిందికి దిగాల్సినంత దిగదు. గుడ్డకు బోరు నీళ్లు వాడొద్దు. మన బోర్లలోని ఉప్పు వారం తిరక్కుండానే గుడ్డను అట్టలా చేస్తుంది, ఆ తర్వాత రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

లెక్క ఇది: తడి థర్మామీటర్ ఉష్ణోగ్రత దగ్గర సంతృప్త ఆవిరి పీడనం (గాలి ఇక ఆవిరిని పట్టలేనంత నిండినప్పటి ఆవిరి పీడనం) తీసుకుని, అందులోంచి రెండు రీడింగుల తేడాను 0.63తో గుణించి తీసేయాలి. పుస్తకాల్లో ఈ సంఖ్య 0.67 దాకా ఉంటుంది, అది సముద్ర మట్టానికి. మనం 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడ పీడనం 950 హెక్టోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి 0.63 వాడాలి. సంతృప్త పీడనాలు గోడ మీద రాసి పెట్టుకోండి: 14 డిగ్రీలకు 16.0, 16కు 18.2, 18కి 20.6, 20కి 23.4, 22కు 26.4, 24కు 29.8, 26కు 33.6 హెక్టోపాస్కల్.

ఉదాహరణకు పొడిది 38, తడిది 24. తేడా 14, దాన్ని 0.63తో గుణిస్తే 8.8. 29.8లోంచి 8.8 తీస్తే 21.0. పట్టికలో 21.0 అంటే 18 డిగ్రీలకు కాస్త పైన. డ్యూ పాయింట్ 18 అన్నమాట.

మధ్యాహ్నం రెండింటికి డ్యూ పాయింట్ 12 లోపుంటే ఆ రోజు మబ్బు కట్టినా ఎత్తున చిన్న ముక్కలుగానే ఉంటుంది. 15–17 ఉంటే ఒకటి రెండు చోట్ల, అదీ వానకంటే గాలి దుమారం ఎక్కువ. 18 దాటితే జాగ్రత్తగా చూడాలి. 21 ఉంటే మూత ఒక్కటే అడ్డు. మధ్యాహ్నం రీడింగే ఎందుకంటే పొద్దున తేమ మోసం చేస్తుంది. ఏడింటికి 21 ఉన్నా ఆ తేమ నేలమీద పల్చటి పొరగా ఉంటే, ఎండ ఎక్కాక పైనున్న పొడిగాలి కలిసి ఒంటిగంటకు 15కు దిగజారుతుంది. పొర మందం తెలియాలంటే బెలూన్ చూడాలి.

తెల్లవారుజామున బెలూన్, దాంట్లో మూత లెక్క

హైదరాబాద్ నుంచి వాతావరణ శాఖ వదిలే రేడియోసాండ్ (పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, గాలి కొలిచే పరికరం) బెలూన్ వివరాలు ఉదయం 5:30 గంటల సమయానికి లెక్క. స్టేషన్ నంబరు 43128. వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఈ నంబరు కొడితే పట్టిక వస్తుంది. సమయం యూటీసీలో ఉంటుంది, 00 అంటే మనకు పొద్దున ఐదున్నర. పట్టిక కొన్ని రోజులు రాదు. అప్పుడు విండీ లాంటి యాప్‌లో ఆ ఎత్తుల విలువలు చూసుకోవచ్చు, కాకపోతే అవి మోడల్ (కంప్యూటర్ చేసే వాతావరణ లెక్క) ఊహించినవని గుర్తుంచుకోండి.

పట్టికలో ఎత్తులు పీడనం లెక్కన ఉంటాయి, పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది. మొదట 850 హెక్టోపాస్కల్ వరస. మన నేల నుంచి అది సుమారు 950 మీటర్ల పైన. అక్కడ డ్యూ పాయింట్ 14, 15 ఉంటే తేమ పొర మందంగా ఉన్నట్టే, మధ్యాహ్నం దాకా నిలబడుతుంది. 5 ఉంటే కింద ఎంత ఉక్కపోసినా పట్టించుకోకండి, ఎండ ఎక్కగానే ఎగిరిపోయే తేమ అది.

తర్వాత 700 హెక్టోపాస్కల్ వరస, నేల నుంచి దాదాపు 2,600 మీటర్లు. మూత ఉండేది ఇంచుమించు ఈ ఎత్తుకు కాస్త అటూఇటూగానే. నేల దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తే, మబ్బు కట్టేదాకా కిలోమీటరుకు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. మబ్బు అడుగు ఎత్తు తేలిగ్గా తీయొచ్చు: ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. మబ్బు కట్టాక చల్లబడే వేగం సగానికి పడిపోతుంది. కిలోమీటరుకు సుమారు ఐదు డిగ్రీలు అనుకోండి.

ఇప్పుడు రెండు రోజుల్ని పోల్చండి. రెండు రోజులూ గరిష్ఠం 38 అనుకుందాం, 700 ఎత్తున ఉష్ణోగ్రత 14.

మొదటి రోజు డ్యూ పాయింట్ 18. మబ్బు అడుగు 20×125, అంటే 2,500 మీటర్లు. అక్కడికి లేచేసరికి గాలి ఉష్ణోగ్రత 13.5, 700 దగ్గరకు చేరేసరికి 13. చుట్టూ 14 ఉంది. లేచిన గాలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా, బరువుగా ఉంది కాబట్టి అక్కడితో ఆగిపోతుంది.

రెండో రోజు డ్యూ పాయింట్ 21. మబ్బు అడుగు 17×125, సుమారు 2,100 మీటర్లు, అక్కడ 17. ఇంకో 500 మీటర్లు మబ్బులోపల లేస్తే 700 దగ్గర దాదాపు 15. చుట్టూ ఉన్న 14కంటే వెచ్చగా ఉంది, ఇక ఆగదు. మూత పగిలింది. ఆ పైన మబ్బు 14–15 కిలోమీటర్ల దాకా ఎదగొచ్చు.

డ్యూ పాయింట్‌లో మూడు డిగ్రీల తేడా 700 దగ్గర రెండు డిగ్రీలు కలిపింది. మొదటి రోజు అదే పని ఎండ చేయాలంటే గరిష్ఠం 40 దాటాలి. ఈ చేతిలెక్కను ఉదయం కాగితం మీద ఒకసారి చేసి, ‘ఈ రోజు మూత పగలాలంటే గరిష్ఠం ఇంత కావాలి’ అని రాసి పెట్టుకోండి. ఆ అంకె 39 అయి, పదకొండింటికే 36 దాటితే సాయంత్రం పనులు ముందుకు జరుపుకోవచ్చు.

యాప్‌లలో కనిపించే కేప్ అంకెను దీనికి బదులుగా వాడేవాళ్లున్నారు. కేప్ అంటే మూత పగిలాక మబ్బుకు దొరికే బలం. పగులుతుందో లేదో అది చెప్పదు. కేప్ 3,000 ఉండి నిర్మలంగా తెల్లారి నిర్మలంగా పొద్దుగూకిన రోజులు మేలో కొత్తేమీ కాదు. పైగా మోడల్ తేమ ఎక్కువ ఊహిస్తే కేప్ ఉబ్బిపోతుంది. మోడల్ ఉదయం ఎనిమిదిన్నరకు చూపిస్తున్న డ్యూ పాయింట్‌ను శంషాబాద్ మెటార్‌తో పోల్చండి. మూడు డిగ్రీలు తేడా ఉంటే ఆ రోజు మోడల్ వాన బొమ్మను పక్కన పెట్టేయొచ్చు.

ద్రోణి ఎటు పక్క ఉంది

వేసవిలో విదర్భ, మరాఠ్వాడాల నుంచి తెలంగాణ, కర్ణాటక లోపలి ప్రాంతాల మీదుగా దక్షిణానికి ఒక ద్రోణి, అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ, సాగుతుంటుంది. దానికి పడమట వాయవ్యపు పొడిగాలి, తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే ఆగ్నేయపు తేమగాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో దీని జాడ ఊళ్ల పేర్లతో సహా ఉంటుంది. అదొక్క వాక్యం చదివితే చాలు. ద్రోణి బీదర్, కలబురగి మీదుగా ఉంటే మనం తేమవైపు ఉన్నాం: మబ్బులు ద్రోణి మీద పుట్టి, పైగాలి పడమటి నుంచి వీస్తుంటే మనవైపు వస్తాయి. అదే నల్గొండ, ఖమ్మం వైపు జరిగితే హైదరాబాద్ పొడిగాలిలో పడుతుంది, పైన గీసిన లెక్కలన్నీ వృథా, వడగాలి గురించి ఆలోచించుకోవాలి. ఉదయం తొమ్మిదింటికి నేల మీది గాలి ఆగ్నేయమా వాయవ్యమా అని చూసినా దాదాపు ఇదే జవాబు దొరుకుతుంది.

500 హెక్టోపాస్కల్ ఎత్తున గాలి దిక్కు కూడా రాసుకోండి. మబ్బులు ఇంచుమించు అటే పోతాయి. మార్చి, ఏప్రిల్‌లలో ఎక్కువగా పడమర లేదా వాయవ్యం. మే చివర్లో తూర్పుకు తిరిగే రోజులు ఉంటాయి, అప్పుడు వికారాబాద్ వైపు చూస్తూ కూర్చుంటే భువనగిరి వైపు నుంచి వచ్చి పడుతుంది.

గరిష్ఠం ఎంత

ఏప్రిల్‌లో నగరానికి సాధారణం 38 దగ్గర, మేలో 39 దగ్గర. రోజువారీ అంచనాకు నిన్నటి గరిష్ఠమే మంచి మొదలు. దానికి ఒక సవరణ: ఈ మధ్యాహ్నం 850 ఎత్తున మోడల్ చూపిస్తున్న ఉష్ణోగ్రత నిన్నటికంటే రెండు డిగ్రీలు ఎక్కువైతే గరిష్ఠానికి రెండు కలపండి. నేరుగా కావాలంటే ఆ 850 విలువకు 10 నుంచి 12 కలిపితే గరిష్ఠానికి దగ్గరగా వస్తుంది. నేల ఎండి, ఆకాశం నిర్మలంగా ఉంటే 12, నిన్న వాన పడి నేల తడిగా ఉంటే 10.

ఈ లెక్కను చెడగొట్టేవి మబ్బులే. మరాఠ్వాడాలో రాత్రి పడిన వానల పైమబ్బు పొద్దుటికి మన నెత్తి మీదికి జారుకుంటుంది. చూడ్డానికి పల్చగా తెల్లగా ఉంటుంది కానీ పదకొండింటి దాకా నిలిస్తే గరిష్ఠంలో రెండు మూడు డిగ్రీలు కోసేస్తుంది, మూత పగలకపోవడానికి అదే చాలు. ఉదయం ఇన్సాట్ ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్ చిత్రం చూడమనేది ఇందుకే. ఆగ్నేయం నుంచి వచ్చే కింది మబ్బు మాత్రం వేరు. తొమ్మిదింటికి కరిగిపోతుంది, పోతూ పోతూ తేమ మందంగా ఉందని చెప్పి పోతుంది.

వడగాలుల హెచ్చరికకు వాతావరణ శాఖ కొలమానం మైదానాల్లో ఇలా ఉంటుంది: గరిష్ఠం కనీసం 40 చేరి సాధారణంకంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి, లేదా ఏకంగా 45 చేరాలి. సాధారణంకంటే 6.4 దాటినా, 47 చేరినా తీవ్ర వడగాలులు. సాధారణం 39 ఉన్నప్పుడు 43 వచ్చినా ఆ గీత దాటదు. రోహిణి కార్తెలో జనం అల్లాడుతున్నా హెచ్చరిక రాలేదేమని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదే. ఒంటికి మాత్రం డ్యూ పాయింట్ 22 ఉన్న 39, డ్యూ పాయింట్ 8 ఉన్న 43కంటే కష్టం. చెమట ఆరదు.

పన్నెండు దాటాక

ఇప్పటినుంచి ఆకాశమే చెబుతుంది. గడ్డకట్టినట్టు గట్టి అంచులతో నిలువుగా లేచే మబ్బులు కావాలి. అంచులు చింపినట్టు అయిపోయి పది నిమిషాల్లో కరిగిపోతుంటే మూత ఇంకా గట్టిగానే ఉంది. అలా మూడింటి దాకా కరుగుతూనే ఉంటే ఆ రోజుకు అవకాశాన్ని సగానికి తగ్గించుకోండి. నాలుగున్నర తర్వాత నేల వేడి తగ్గడం మొదలవుతుంది, ఇక బయటి నుంచి వచ్చే చల్లగాలి తోస్తే తప్ప కొత్తగా లేవవు.

ఫోన్‌లోని బారోమీటర్ చూసి పీడనం పడిపోతోందని కంగారు పడేవాళ్లు కనిపిస్తుంటారు. ఉదయం పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ, ఆ మధ్య మూడు నాలుగు హెక్టోపాస్కల్ దిగడం మన దగ్గర రోజూ జరిగేదే. గమనించాల్సింది దీనికి ఎదురు: నాలుగింటి వేళ పీడనం ఉన్నట్టుండి ఒకటి రెండు హెక్టోపాస్కల్ పెరిగి, గాలి దిక్కు మారి, చల్లబడితే గాలివాన అంచు మీ మీదికి వచ్చేసినట్టే.

రాడార్ చదవడం

హైదరాబాద్ డాప్లర్ రాడార్ చిత్రాల్లో మాక్స్ జెడ్ (ఒక్కో చోట అన్ని ఎత్తుల్లోకీ గరిష్ఠ బలాన్ని చూపించే చిత్రం) అనేది తెరవండి. రంగుల అంకెలు వాన నుంచి రాడార్‌కు తిరిగొచ్చే తరంగాల బలాన్ని చెప్పే డీబీజెడ్‌లలో ఉంటాయి. 20–30 తేలిక జల్లు, 40 దాటితే గట్టి వాన, 55 పైన వడగళ్ల అనుమానం. ఆ చిత్రం పైనా పక్కనా రెండు సన్నటి పట్టీలు ఉంటాయి. చాలామంది వాటిని చూడనే చూడరు. అవి మబ్బు నిలువుకోత. ఏప్రిల్, మే నెలల్లో మన మీద సున్నా డిగ్రీల ఎత్తు సుమారు ఐదు కిలోమీటర్లు. 45 డీబీజెడ్ రంగు ఆ పట్టీలో ఆరున్నర కిలోమీటర్లు దాటి కనిపిస్తే వడగళ్లు తయారవుతున్నట్టు. మార్చిలో పైగాలి ఇంకా చల్లగా ఉంటుంది, గడ్డలు కరగకుండా నేల దాకా వస్తాయి. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేల తెల్లబడేంతగా రాళ్లు పడ్డది అలాంటి కాలంలోనే.

ఇరవై నిమిషాల తేడాతో రెండు చిత్రాలు తీసుకుని ముందు అంచు ఎంత జరిగిందో కొలవండి. 12 కిలోమీటర్లు జరిగితే గంటకు 36. వికారాబాద్ మనకు తిన్నగా 60 కిలోమీటర్ల చిల్లర, అంటే గంటా నలభై నిమిషాలు. కానీ ఆ ఒక్క మబ్బే ప్రయాణం చేసి రాదు. ఒక్కో మబ్బు ఆయుష్షు అరగంట నుంచి గంట. అది కూలేటప్పుడు దిగే చల్లగాలి ముందుకు పరుగెత్తి, వెచ్చటి గాలిని ఎగదోసి కొత్త మబ్బును లేపుతుంది. శంకర్‌పల్లి దగ్గర పలచబడిందని ఊపిరి పీల్చుకుంటే పటాన్‌చెరు మీద కొత్తది లేచేది ఇలాగే. రాడార్‌లో ఈ చల్లగాలి అంచు 10–20 డీబీజెడ్ సన్నటి విల్లులా కనిపిస్తుంది. మెదక్ వైపు నుంచి ఒక విల్లు, షాద్‌నగర్ వైపు నుంచి ఇంకొకటి వస్తుంటే, అవి కలిసే చోట మీ ఇల్లుంటే ఆరేసిన బట్టలు తీసేయండి.

రాడార్ లోపాలు రెండు. అది ఊళ్లోనే ఉంది కాబట్టి సరిగ్గా నడినెత్తిన ఉన్నదాన్ని సరిగా చూడలేదు, బేగంపేట చుట్టుపక్కల రంగు ఉన్నట్టుండి పలచబడితే వాన తగ్గిందనుకోకండి. దూరంలో తిరకాసు ఇంకో రకం: 250 కిలోమీటర్ల దగ్గర కింది కిరణం కూడా దాదాపు ఆరు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. అక్కడి మబ్బు అడుగు కనిపించదు, తీవ్రత అసలుకంటే తక్కువగా అనిపిస్తుంది.

డ్యూ పాయింట్ తక్కువగా ఉండి మబ్బు అడుగు రెండున్నర కిలోమీటర్లు దాటిన రోజు ప్రత్యేకంగా రాసుకోండి. చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి, అలా ఆవిరవడం గాలిని చల్లబరిచి కిందికి విసురుతుంది. వాన రెండు మిల్లీమీటర్లే పడొచ్చు, ఫ్లెక్సీలూ రేకులూ మాత్రం లేచిపోతాయి. ‘తేలికపాటి వాన’ అని చెప్పి ఊరుకుంటే జనం మోసపోయేది ఆ రోజే. గాలి సంగతి విడిగా చెప్పాలి.

పిడుగుకు వేరే లెక్క అక్కర్లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు వినబడితే లోపలికి వెళ్లండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది.

ఎంత చల్లబడుతుంది, రేపు ఎలా ఉంటుంది

గాలివాన దిగాక ఉష్ణోగ్రత ఇంచుమించు తడి థర్మామీటర్ అంకె దాకా పడుతుంది. రెండింటికి 38, 24 చదివారు కదా, నేరుగా మీ మీద పడితే అరగంటలో 25కు వస్తుంది. పక్క ఊళ్లో పడి చల్లగాలి మాత్రమే వస్తే 30–31 దగ్గర ఆగుతుంది. నాలుగు చినుకులు పడి ఆగిపోయి, మబ్బు మాత్రం కదలకుండా ఉంటే రాత్రి ఉక్కపోత ఖాయం. మబ్బు నేల వేడిని బయటికి పోనివ్వదు, తెల్లవారేసరికి కనిష్ఠం 28 దగ్గరే ఉంటుంది.

మర్నాడు లెక్క మళ్లీ మొదటి నుంచి. రాత్రి వాన గట్టిగా పడితే నేల తడి వల్ల డ్యూ పాయింట్ పెరుగుతుంది, గరిష్ఠం రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఒకటి మూత పగలగొట్టేది, ఇంకొకటి కాపాడేది. ఎటు మొగ్గుతుందో 700 అంకె చూసి తేల్చండి.

రోజూ పదింటికి ఒక వాక్యం రాయండి: ‘4–8 మధ్య నగరంలో ఎక్కడో ఒకచోట వాన, అవకాశం 40 శాతం, గాలి 40–50 కిలోమీటర్లు.’ రాత్రి ఫలితం రాయండి. తెలంగాణ ప్రణాళికాభివృద్ధి సంస్థ మండలాలవారీ ఆటోమేటిక్ స్టేషన్ల వర్షపాతం పెడుతుంది, మీ బాల్కనీ సాక్ష్యం కంటే అదే నయం. పడితే 1, లేకపోతే 0 అనుకుని, మీరు చెప్పిన 0.4కూ దానికీ తేడాను వర్గం చేయండి. పడితే 0.36, పడకపోతే 0.16. నెల సగటు 0.25 దాటితే రోజూ కళ్లు మూసుకుని 50 శాతం అని రాసినవాడికంటే మీరు వెనకబడ్డట్టు. అప్పుడు తప్పిన రోజుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తవాళ్లకు ఎక్కువగా తప్పేది పొద్దున డ్యూ పాయింట్ చూసి మధ్యాహ్నంది చూడని రోజుల్లోనే.

జూన్‌లో నైరుతి గాలి నిలదొక్కుకున్నాక 850 ఎత్తున పడమటి గాలి బలంగా వీస్తుంది, మబ్బు అడుగు కిలోమీటరుకు దిగుతుంది, మూత ఉండదు. ఆ వానలకు ఈ లెక్కలు పనికిరావు.